నాలుగో కంప్లైంట్

ఉదయం పది గంటల ఏడు నిమిషాలకు, ఊరి చివరి పెట్రోల్ బంకులో, బూడిదరంగు కారు పక్కన నిలబడి ట్యాంకు మూత తిప్పుతున్న పెద్దమనిషి, కారు అద్దంలో తన చావుని చూశాడు. చావు తెల్లటి వ్యానులోంచి దిగింది. ఇద్దరు మనుషులు, రెండు కోట్లు, ఎండాకాలంలో కోట్లు.

పది సెకన్ల టైముంది. మామూలు మనిషైతే పరుగెత్తేవాడు. ఆయన పరుగెత్తలేదు, ఎడమ మోకాలికి పట్టీ కట్టుకుని తిరిగే వయసు ఆయనది. కుడిచెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. అక్కడినుంచి ట్యాంకు మూతి దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఆయన మూత పెట్టి, టకటకమని మూడు చుట్లు బిగించి, వెనక్కి తిరిగాడు.

సైలెన్సర్ బిగించిన తుపాకీ రెండుసార్లు దగ్గింది. కోట్లవాళ్ళు ఆయన జేబులు, సీట్లు, డిక్కీ వెతికి, తోలుసంచీ పట్టుకుని వ్యానెక్కారు. మొత్తం మూడు నిమిషాలు. బంకులో పనిచేసే ఆవిడ గదిలోంచి అరుస్తూ వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది.

డిపార్ట్‌మెంటులో ఆయన్ని అందరూ ‘మావయ్య’ అనేవారు. నిజానికి ఆయన ఒక్కడికే మావయ్య. ఆ ఒక్కడు అలా పిలవడం విని, మిగతావాళ్ళు కూడా అలవాటు చేసుకున్నారు.

ఆ ఒక్కడి పేరు, డిపార్ట్‌మెంటు లెక్కలో, ఏజెంట్ మిరియం. మనిషి పొట్టి, ఘాటు ఎక్కువ. పదకొండు రోజుల తర్వాత, ఆ ఘాటంతా ఎటు పోయిందో తెలియని ఒక ఉదయం, మిరియం తన ఇంటి వంటగదిలో నిలబడి గ్లాసెడు నీళ్ళు తాగుతున్నాడు. భార్య బల్లమీద తండ్రి వస్తువులు సర్దుతోంది. కళ్ళజోడు, మోకాలి పట్టీ, ముల్లు విరిగిన గడియారం.

“పాతికేళ్ళు చాకిరీ చేశారు ఆ పంపుల కంపెనీకి. దొంగలు కాల్చి చంపితే ఒక్కడంటే ఒక్కడు గుమ్మం తొక్కాడా? మీరూ అక్కడే కదా పనిచేసేది. మీ వాళ్ళకి నోరు లేదా, కాళ్ళు లేవా?”

“చెప్తాను వాళ్ళకి.”

“పదకొండు రోజులుగా చెప్తూనే ఉన్నారు. మా నాన్న ఏదైనా తప్పు చేశారా అండీ? చేస్తే చెప్పండి, నేనేం ఏడవను.”

మిరియం గ్లాసు కడిగి బోర్లించాడు. బూట్లు తొడుక్కుని బయటపడ్డాడు. ఎడమ బూటు మడమలో వైర్‌లెస్ ఉంది, నడిస్తే పొడుచుకుంటుంది.

పంపుల కంపెనీ నిజంగానే ఉంది. కింద షోరూములో నీళ్ళ పంపులు, పైఅంతస్తులో దేశ రహస్యాలు. అప్పుడప్పుడూ దారితప్పిన కొనుగోలుదారులు వచ్చి నిజంగానే పంపులు కొనుక్కుని పోతుంటారు. కిందటేడు ఏ విభాగం బాగా పనిచేసిందని అడిగితే, నిజాయితీగా చెప్పాల్సింది కింది అంతస్తు పేరే.

పైన చీఫ్ గదిలో ఫ్యాను తిరుగుతోంది. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు.

“కూర్చో మిరియం. ఆపరేషన్ పేరు ‘వంతెన’. టైము తక్కువ.”

“చెప్పండి సర్.”

“అవతలి దేశంలో మనవాళ్ళు తొమ్మిది మంది. పాత కోడ్‌ని శత్రు గూఢచారుల ‘గొడుగు’ ముఠా ఛేదించేసింది. కొత్త కోడ్ పుస్తకం ఉక్కుపెట్టెలో ఉంది. పెట్టె నీ బండి ముందు సీటు కింద బోల్టులతో బిగించి ఉంది. మూడు వందల కిలోమీటర్లు. సాయంత్రం ఐదింటికి సరిహద్దు వంతెన. అక్కడ ఫోన్ చేస్తే తాళం నంబరు చెప్తాను. పెట్టె తెరిచి పుస్తకం నెమలి చేతికివ్వు. అవతలికి ఆవిడ తీసుకెళ్తుంది.”

నెమలి అంటే గొడుగు ముఠా గూట్లో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఒక రాయబార కార్యాలయంలో దుబాసీ. ఆవిడ నవ్వితే ఫైళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయని ప్రతీతి.

“నెమలిని నమ్మొచ్చా సర్?”

పెద్దాయన పేపర్‌వెయిట్‌ని అటుతిప్పి ఇటుతిప్పారు. “మీ మావయ్య కూడా అదే అడిగాడు.”

అడిగాడు, ఊరుకోలేదు. గొడుగు ముఠా జీతాల మీద బతుకుతున్న మనవాళ్ళ జాబితా ఫొటో తీశానని, ఫిల్మ్ తెస్తున్నానని, అందులో నెమలి పేరుందని ఫోన్‌లో చెప్పాడు. ఫోన్ పెట్టిన గంటకి శవమయ్యాడు. ఫిల్మ్ లేదు. మర్నాడే నెమలి కబురు పంపింది: ఫిల్మ్ సంగతంతా బూటకం, మీ ముసలాయన ముఠాకి అమ్ముడుపోయాడు, బేరం చెడి వాళ్ళే చంపారు. డిపార్ట్‌మెంటు కారు సీట్లు కోసింది, టైర్లు విప్పింది, ట్యాంకులోకి కెమెరా దింపింది. ‘ట్యాంకు ఖాళీ, శుభ్రం’ అని రిపోర్టు వచ్చింది. ఫిల్మ్ దొరకలేదు కాబట్టి ఫిల్మ్ లేదు, ఫిల్మ్ లేదు కాబట్టి మావయ్య ద్రోహి. ఆ తీర్పు కింద అల్లుడి సంతకం కూడా తీసుకున్నారు. ‘ఆయన నిజాయితీకి నా దగ్గర సాక్ష్యం లేదు’ అని మిరియం రాసిచ్చాడు. లేదు మరి. ఆ సంతకం పెట్టిన రోజునుంచి అన్నం సహించడం లేదు.

“వేరే బండి ఇవ్వండి సర్. అది ఆయన చనిపోయిన బండి.”

“ఒకటి సర్వీసింగులో ఉంది. ఇంకోటి డిప్యూటీగారి దగ్గరుంది.” డిప్యూటీగారి దగ్గరున్నదాని గురించి ఇంకెవరూ మాట్లాడరు. అది కూడా ఒక దేశ రహస్యమే.

స్టోరులో మూడు కాపీల మీద సంతకం చేయించుకుని సామాను ఇచ్చారు. నొక్కితే కారు తలుపులన్నిటికీ, లోపల్నుంచి కూడా తెరుచుకోకుండా, తాళాలు పడిపోయే చేతిగడియారం. లైటర్‌లా కనిపించే భూతద్దం. నొక్కితే మత్తుసూది దూసుకుపోయే పెన్ను. బండి అప్పగించిన మేస్త్రి, వర్క్‌షాపు మొత్తానికి ఒక్కడే దిక్కు, నూనెచేతులు తుడుచుకుంటూ ఒకేమాట అన్నాడు.

“బయటి మెకానిక్కుల చేత చెయ్యి పెట్టించకండి సార్. రూల్. ఏదైనా తేడా వస్తే కార్డు మీద రాయండి, నేను చూస్తాను.”

నెమలిని ఎక్కించుకోవాల్సిన కళ్ళజోళ్ళ షాపులో ఎత్తుమడమల చెప్పులు, ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, నల్లద్దాలు అప్పటికే నిలబడి ఉన్నాయి. మిరియం పెట్టుడు మీసం సర్దుకున్నాడు. ఇవాళ అతను బాత్‌రూమ్ టైల్సు అమ్మే సేల్స్‌మన్.

“ఎడమకంటికి ఒక్కటే అద్దం కావాలి,” అన్నాడు.

“మరి కుడికంటితో ఏం చేస్తారు?” అంది ఆవిడ.

“మూసుకుంటాను.”

“మీసం వంకరగా ఉంది,” అంది నెమలి. అది కోడ్‌లో లేదు. నిజంగానే వంకరగా ఉంది.

కారులో కూర్చున్నాక మెత్తటి గొంతుతో అంది. “మీ మామగారి సంగతి విన్నాను. బాధగా ఉంది. మంచివాళ్ళే ఎక్కువగా జారిపోతారు.”

మిరియం స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఈవిడ నిజమైతే మావయ్య ద్రోహి. మావయ్య నిజమైతే ఈవిడని పక్కన కూర్చోబెట్టుకుని, తొమ్మిదిమంది ప్రాణాలని తనే తీసుకెళ్ళి అప్పగిస్తున్నాడు. రెండింట్లో ఏది నిజమో తెలియదు. తెలియకుండానే బండి నడపాలి, ఆర్డరు.

పెట్రోల్ ముల్లు అడుగున ఉంది. ఉక్కు రేకుల బరువుతో ఆ బండి లీటరుకి పది కిలోమీటర్లే ఇస్తుంది. ఊరి మధ్య బంకులో ఆపాడు. కుర్రాడు పైపు పెట్టాడు. టక్ మని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. టక్. మళ్ళీ. టక్. అయిదు నిమిషాలకి రెండు లీటర్లు.

“నిండిపోయిందండి,” అన్నాడు.

“ముల్లు అడుగున ఉంటే నిండిపోవడమేంటి?”

“పంపు ఆగిందంటే నిండినట్టే,” అన్నాడు కుర్రాడు, వెనకాల క్యూలో హారన్లు మోగుతుంటే. మిరియంకి తప్పుకోక తప్పలేదు.

ఊరి చివర ఇంకో బంకు ఉంది. ఆ తర్వాత వంతెన వరకూ మధ్యలో బంకే లేదు. ఆ బంకు ఏదో మిరియంకి తెలుసు. పదకొండు రోజులుగా అటువైపు వెళ్ళకుండా తప్పించుకుని తిరుగుతున్నాడు.

ఖాకీ కోటు, జడలో పెన్సిలు, యాభై దాటిన వయసు. బంకులో పనిచేసే ఆవిడ కారుని చూసి ఒక్కక్షణం ఆగింది, మాట్లాడకుండా వచ్చి మూత తీసింది.

“ఫుల్ ట్యాంక్ అక్కా.”

టక్.

ఆవిడ పైపు సగానికి లాగి పట్టుకుంది. టక్. తలకిందులుగా తిప్పి పెట్టింది. టక్. సన్నటి ధారలా వదిలింది. నాలుగు చుక్కలు పోయాక ట్యాంకు మూతిలోంచి పెట్రోల్ గుటకేసినట్టు బయటికి తన్నుకొచ్చి, మిరియం ప్యాంటు మీద పడింది. పక్క పంపు దగ్గరికి బండి తోయించింది. అక్కడా టక్.

“పంపుది కాదు, బండిదే,” అంది ఆవిడ.

“డబ్బాల్లో పోసివ్వండి, డిక్కీలో పెట్టుకుంటాను.”

“డబ్బాల్లో పోయనివ్వరు బాబూ. రూల్.”

రూల్ అన్నమాట వినగానే మిరియంకి తల ప్రాణం తోకకొచ్చింది. మూడు ఖండాల్లో గోడలు దూకాడు. ఎగురుతున్న విమానం రెక్క పట్టుకుని వేలాడాడు. ఇప్పుడు పెట్రోల్ కంపు కొడుతూ, వంకర మీసంతో, ఒక టక్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఒంటిగంటకి బయల్దేరకపోతే ఐదింటికి వంతెన చేరే ఆశలేదు. బూటులోని వైర్‌లెస్‌లో ఆఫీసుని పిలిచాడు. చీఫ్ లంచ్‌కి వెళ్ళారని ఎవరో చెప్పారు.

నెమలి కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఉన్నదాంతో పోదాం. దారిలో ఏదో ఒకటి చూసుకుందాం.”

“దారిలో ఆగిపోతే?”

“నా స్నేహితుల వ్యాను ఒకటి ఈ చుట్టుపక్కలే ఉంటుంది. సీటుతో సహా పెట్టెని అందులోకి మార్చుకుందాం. నేను ఫోన్ చేసొస్తాను, మీరు ఈలోగా నీడన కూర్చోండి.” అని బంకు గదిలోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఖాకీకోటు ఆవిడకేసి చూసి అంది. “డిపార్ట్‌మెంటు బండి బయటివాళ్ళు విప్పకూడదు. ఆయనకి తెలుసు, మీకూ తెలిస్తే మంచిది.”

మిరియం బంకు పక్కనున్న కాలువ గట్టుమీద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. ఖాకీకోటు ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

“ఎప్పట్నుంచి ఇలా?”

“ఏమో. నేను ఇవాళే తీసుకున్నా.”

“డ్రైవర్లు ఎక్కడైనా రాసుంచుతారు కదా.”

డ్యాష్‌బోర్డు సొరుగులో కంప్లైంటు కార్డులున్నాయి, క్లిప్పు పెట్టి. మిరియం వెళ్ళి తెరిచాడు. తారీఖు పది: ‘ట్యాంకు నిండటం లేదు.’ కింద మేస్త్రి చేతిరాత: ‘డ్రైవర్ తప్పు. పైపు సరిగా పట్టుకోలేదు.’ తారీఖు పద్నాలుగు, ఇంకో డ్రైవరు: ‘ట్యాంకు నిండటం లేదు.’ మేస్త్రి: ‘డ్రైవర్ తప్పు. వేరే బంకులో పోయించవలెను.’ తారీఖు పద్దెనిమిది, మూడో డ్రైవరు, కోపంగా, పెన్ను కాగితంలోకి దిగేలా: ‘నిండటం లేదు.’ మేస్త్రి: ‘డ్రైవర్ తప్పు.’ ఈసారి కారణం కూడా రాయలేదు.

“పదో తారీఖుకి ముందు?”

కార్డులు వెనక్కి తిప్పాడు. బ్రేకులు, లైటు, హారన్. ట్యాంకు గురించి ఒక్క ముక్కా లేదు.

“అంటే తొమ్మిదో తారీఖున ఏదో అయింది,” అంది ఆవిడ. గొంతు తగ్గించింది. “బాబూ, ఆ రోజు గదిలో దాక్కుని కిటికీలోంచి అంతా చూశాను. ఇదే బండి. ఆ పెద్దమనిషి నీకేమవుతారో నాకు తెలీదు. మూత తీశారు, పెట్రోల్ పోయించుకోలేదు. మూతి దగ్గర చెయ్యిపెట్టి ఏదో చేసి, మళ్ళీ మూత బిగించారు. వాళ్ళు తుపాకీ తీస్తుంటే కూడా బిగిస్తూనే ఉన్నారు. ప్రాణం పోయేముందు మూత బిగించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.”

“ఇది ఎవరికీ చెప్పలేదా అక్కా?”

“అడిగితేగా! ఎంక్వైరీకని ముగ్గురొచ్చారు, నల్లకోట్లు వేసుకుని. ముగ్గురూ తుపాకీ ఎంత పొడుగుందని అడిగారు, వెళ్ళిపోయారు.”

మిరియం ట్యాంకు మూత దగ్గరికి నడిచాడు. “కెమెరా పెట్టి చూశారు. ట్యాంకులో ఏమీ లేదు.”

“ట్యాంకులో ఎందుకుంటుంది? బోర్లించిన సీసాని నీళ్ళ బక్కెట్లో ముంచితే నీళ్ళెక్కుతాయా? లోపలి గాలి బయటికి పోతేనే కదా. ఈ బండికి లావు గొట్టం పక్కనే సన్నటి గాలిగొట్టం ఉంటుంది, దాని మూతి ఇదిగో, మూత కిందే. పెట్రోల్ లోపలికి పోతుంటే గాలి ఇందులోంచి పైకొస్తుంది. అది మూసుకుపోతే పెట్రోల్‌కి చోటుండదు, వెనక్కి తంతుంది, పంపు టక్ మంటుంది. గాలిగొట్టంలో ఏదో ఇరుక్కుంది. చక్రం విప్పితే గొట్టం చేతికందుతుంది. విప్పనా? మీ రూలు ఒప్పుకోదట కదా.”

మిరియం కార్డులకేసి చూశాడు. ఫిల్మ్ కోసం వెతికినవాళ్ళకి ఈ కార్డులు చూసే అధికారం లేదు, ఎందుకంటే అవి వర్క్‌షాపువి. కార్డులు చూసే మేస్త్రికి ఫిల్మ్ సంగతి తెలిసే అధికారం లేదు, ఎందుకంటే అది పైఅంతస్తుది. మధ్యలో పన్నెండు మెట్లు. మావయ్యకి ఆ సంగతి తట్టలేదు. నిండని ట్యాంకుని ఎవడైనా ఒకటి రెండు రోజుల్లో విప్పి చూస్తాడని నమ్మాడు పాపం, మామూలు మనుషుల లెక్కలో. పాతికేళ్ళు పనిచేసిన చోటుని చివరి పది సెకన్లలో మర్చిపోయాడు.

“విప్పక్కా,” అన్నాడు మిరియం.

కుడిపక్క వెనకభాగానికి జాకీ ఎత్తి, చక్రం తీసి పక్కన దొర్లించింది. ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, సన్నటి గొట్టం క్లిప్పు వదులుచేసి, వంపు దగ్గర నొక్కి చూసింది. “ఇదిగో ఇక్కడ గట్టిగా తగుల్తోంది.” గొట్టం వంచి విదిలించింది. చిటికెనవేలంత అల్యూమినియం గొట్టం ఒకటి, రబ్బరు మూతతో, ఆవిడ అరచేతిలో పడింది.

మిరియం రబ్బరు మూత తీస్తే, డెవలప్ చేసి చుట్టిన ఫిల్మ్. జేబులోంచి లైటర్ తీయగానే ఆవిడ చేతిమీద చెళ్ళున ఒక్కటిచ్చింది.

“బంకులో లైటరా! బుద్ధుందా?”

“లైటర్ కాదక్కా, భూతద్దం.”

ఎండకి పట్టి చూశాడు. తలకిందులుగా ఉన్న సన్నటి అక్షరాలు. పేర్లు. మొదటిది తెలియదు. రెండోది తెలియదు. మూడోది నెమలి అసలు పేరు, పక్కన ముఠా ఇచ్చే జీతం అంకె, పక్కన ఆవిడ సంతకం. మావయ్య ఫోకస్ బాగా కుదిర్చాడు. నెలల తరబడి అల్లుడికి అదే నేర్పేవాడు, చెయ్యి కదపకు, ఊపిరి బిగబట్టు అని.

“నిజమే చెప్పావు మావయ్యా,” అన్నాడు పైకే. వినాల్సినవాడు లేడు.

“ఏం దొరికింది?” అంది నెమలి.

గది ముందు, ఎడమపక్క, చేతిలో చిన్న పిస్తోలుతో నిలబడి ఉంది. నల్లద్దాలు తీసేసింది. రోడ్డు మీద దూరంగా తెల్ల వ్యాను ఒకటి దుమ్ము రేపుకుంటూ వస్తోంది.

మిరియం పెన్ను తీసి గురిచూసి నొక్కాడు. ముల్లు బయటికొచ్చింది, నీలి సిరా ముల్లు. పొద్దున మూడు కాపీల మీద సంతకం చేసి, మత్తుసూది పెన్నుని స్టోరువాడికిచ్చి, స్టోరువాడి పెన్ను జేబులో పెట్టుకొచ్చాడు.

“ఇక్కడ కాల్చావంటే అందరం కలిసే పోతాం!” అరిచింది ఖాకీకోటు ఆవిడ. “నేలంతా పెట్రోలు. అగ్గిపుల్ల గీయనివ్వను, తుపాకీయా! అవతలికి తియ్యి దాన్ని!”

నెమలి కిందికి చూసింది. మిరియం పోయించిన పెట్రోలంతా నేలమీద మెరుస్తోంది. ఆవిడ కాల్చలేదు. ఎడమ తలుపు తెరిచి, పక్క సీటు మీదుగా స్టీరింగు ముందుకి జారి, తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. పెట్టె సీటు కిందే ఉంది. వ్యాను రెండు వందల గజాల్లో ఉంది.

పరుగెత్తి పట్టుకునే దూరం కాదు. మిరియం చేతిలో నీలిసిరా పెన్ను పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. తొమ్మిదిమంది కళ్ళముందే వెళ్ళిపోతున్నారు.

కారు ముందుకు దూకింది. రెండు గజాలు పోయింది. జాకీ పక్కకి ఒరిగింది. చక్రం లేని వెనకమూల ధడేల్ మని నేలని కరుచుకుంది. కుడిపక్క చక్రం విప్పి ఉన్న సంగతి ఎడమపక్కనుంచి వచ్చినావిడకి ఎలా తెలుస్తుంది? ఇంజను అరిచింది, ముందు చక్రాలు పెట్రోలు తడిలో జారాయి, బండి అంగుళం కదల్లేదు. ఆవిడ తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది గడియారం. మిరియం నొక్కాడు. నాలుగు తలుపుల తాళాలూ ఒకేసారి పడ్డాయి. టక్.

ఆ రోజు విన్న టక్కులన్నిట్లో అదొక్కటే చెవికి ఇంపుగా ఉంది. లోపల ఆవిడ గుద్దుతున్న అద్దాలు తుపాకీగుండుకే పగలనివి. ఖాకీకోటు ఆవిడ మంటలార్పే ఎర్రసిలిండరు భుజానికెత్తుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడింది. వ్యాను వేగం తగ్గించి, కూలబడ్డ కారునీ, సిలిండరునీ, పొట్టిమనిషి చేతిలోని పెన్నునీ చూసి, అదేం ఆయుధమో తేల్చుకోలేక, మలుపు తీసుకుని పోయింది. సరిహద్దు చేరకముందే దాన్ని పట్టుకున్నారు.

బంకు గదిలోంచి మిరియం ఫోన్ చేసేసరికి పెద్దాయన లంచ్ నుంచి వచ్చారు.

“నెమలి ఎక్కడ?”

“బండిలో సర్. దిగలేదు.”

“పెట్టె?”

“ఆవిడ కిందే ఉంది. ఫిల్మ్ నా దగ్గరుంది. మూడో పేరు. మావయ్య ఫోన్‌లో చెప్పిందే.”

అటుపక్క సొరుగు తెరిచిన చప్పుడు. “తీర్పు చింపేస్తాను. పుస్తకం ఇంకోదారిలో పంపుతాను,” అన్నారు పెద్దాయన.

“చింపండి సర్. ఇంకో మాట. ఆయన కూతురు అడుగుతోంది. మనవాళ్ళెవరైనా ఒకసారి ఇంటికొచ్చి ఒక్కమాట చెప్తే చాలు.”

“ఏమని చెప్తాం మిరియం? ఆయన మనవాడని చెప్పకూడదు. ఏం చేశాడో చెప్పకూడదు. ముప్ఫై ఏళ్ళదాకా ఫైలు తెరవకూడదు. నాకూ చెప్పాలనే ఉంది.” పెద్దాయన గొంతు ఎప్పుడూ లేనంత ముసలిగా వినిపించింది. “నా చేతుల్లో లేదు.”

ఎవరి చేతుల్లో ఉందో అడిగినా ఎవరూ చెప్పలేరు. బయట ఖాకీకోటు ఆవిడ గాలిగొట్టం, చక్రం బిగించి, పైపు పెట్టి, మీట నొక్కి వదిలేసింది. ముప్ఫై ఎనిమిది లీటర్లు ఒక్కసారి కూడా ఆగకుండా పోయాయి. ఎక్కడికీ పోవాల్సిన పనిలేని బండిలో.

బయల్దేరేముందు మిరియం కంప్లైంటు కార్డు తీసి, స్టోరువాడి పెన్నుతో నాలుగో వరుస రాశాడు: ‘ట్యాంకు నిండటం లేదు.’ బండితోపాటు కార్డు మేస్త్రికి అప్పగిస్తూ, గాలిగొట్టంలో అడ్డం పెట్టింది మావయ్యేనని ఒక్కమాట చెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఇంట్లో తలుపు చప్పుడైంది. భార్య తీసింది. గుమ్మంలో మేస్త్రి, ఇస్త్రీ చొక్కా, ఎంత రుద్దినా పోని నూనె గోళ్ళు.

“నేను కంపెనీ వర్క్‌షాపులో పనిచేస్తానమ్మా. మీ నాన్నగారు...” అని ఆగిపోయాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఇచ్చిన నీళ్ళు గటగటా తాగాడు. “ఆయన చేసిన పని గురించి బండే చెప్తుంటే నేను వినలేదమ్మా. మూడుసార్లు. మూడుసార్లూ తప్పు డ్రైవరువైపు తోసేశాను.”

ఆమెకేమీ అర్థం కాలేదు. కానీ పన్నెండు రోజుల్లో గుమ్మం తొక్కిన మొదటి మనిషి, అదీ కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డవాడు. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

మేస్త్రి జేబులోంచి మడతపెట్టిన కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మిరియం దాన్ని లాక్కోవడానికి చెయ్యి చాచాడు. కానీ కార్డు మీద ‘రహస్యం’ ముద్ర లేదు. దేశం మొత్తంలో ఆ కేసుకి సంబంధించి ముద్ర లేని కాగితం అదొక్కటే. బండి రిపేర్ల మీద ముద్ర వేయాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

ఆమె పైకి చదివింది. “కంప్లైంట్ నాలుగు. ట్యాంకు నిండటం లేదు. జవాబు: గాలిగొట్టం శుభ్రం చేయడమైనది. తొమ్మిదో తారీఖునుంచి ఇప్పటివరకూ డ్రైవర్ తప్పేమీ లేదు. తప్పు వర్క్‌షాపుది.”

రెండోసారి మనసులో చదువుకుంది. తర్వాత దాన్ని బల్లమీద కళ్ళజోడు పక్కన పెట్టి, గాలికి ఎగరకుండా పైన గడియారం బరువుంచింది.

“మా నాన్న డ్రైవరు కూడానా అండీ?” అంది.

“అప్పుడప్పుడూ,” అన్నాడు మిరియం. “బాగా నడిపేవారు.”